మాలకొండయ్య చేతి సీమచింత

మా ఇంటి గేటు మీద రాధామనోహరం తీగ ఉండేది. ఉండేది అన్నానని ఇప్పుడు లేదనుకునేరు. ఉంది, కాకపోతే ఆ పాత తీగ కాదు. ఆ కథ చెప్పాలంటే మాలకొండయ్య గురించి చెప్పాలి. మాలకొండయ్య గురించి చెప్పాలంటే నా నోటి గురించి కూడా చెప్పక తప్పదు. అక్కడే వచ్చింది చిక్కు.

నా పేరు సుబ్బరావమ్మ. పర్చూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే దారిలో, రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికొస్తే మా ఊరు. మా ఆయన చెంచయ్యకు నాలుగెకరాల నల్లరేగడి ఉంది. రెండెకరాల్లో పత్తి, రెండెకరాల్లో మిరప. ఆయన మాట్లాడేది తక్కువ. ఆయన వాటా కూడా కలిపి నేనే మాట్లాడతానని ఊళ్ళో అంటారు. అననీండి, అబద్ధమేమీ కాదు. మా ఇంటికి సరిగ్గా ఎదురుగా పాల కేంద్రం. పొద్దునా సాయంత్రం ఊళ్ళో సగంమంది క్యాన్లు పట్టుకొచ్చి మా గేటు ముందే నిలబడతారు. కాబట్టి మా ఇంట్లో ఏం జరిగినా పావుగంటలో ఊరంతటికీ తెలుస్తుంది.

ఆ తీగను పదమూడేళ్ళ కిందట నేనే తెచ్చి పెట్టాను. జానెడు మొక్క. ఇనప కమాను చేయించి ఎక్కిస్తే మూడేళ్ళలో గేటంతా కమ్మేసింది. రాధామనోహరం సాయంత్రం విచ్చేటప్పుడు తెల్లగా ఉంటుంది. తెల్లారి చూస్తే గులాబీరంగు, ఆ మర్నాటికి ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులూ వేలాడుతుంటాయి. ఇక వాసన చెప్పనే అక్కర్లేదు, పాల క్యాన్లు పట్టుకున్నవాళ్ళు కూడా ఒక్క నిమిషం ఆగి పీల్చేవారు. పెళ్ళికూతుర్ని చేసిన పిల్లల్ని తీసుకొచ్చి దాని కింద నిలబెట్టి ఫొటోలు తీసుకునేవారు. మాది పూలతీగ వాళ్ళిల్లు అయిపోయింది. నేను లోపల్లోపల పొంగిపోయేదాన్ని. దాచుకోవడం దేనికి, బయటకూడా పొంగిపోయేదాన్ని.

మాలకొండయ్య ఒక్కడు మాత్రం దాన్ని ఏనాడూ మెచ్చుకోలేదు.

ఆయన్ని మా చుట్టుపక్కల ఊళ్ళలో కంచెల మాలకొండయ్య అంటారు. అరవై దాటాయి. పొదిలి అవతల మెట్ట ఊరి మనిషి. పెళ్ళయిన కొత్తలో భార్య మల్లేశ్వరిని వెంటబెట్టుకుని మిరపకోతలకని ఇటు వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. కోతలైపోయాక అందరూ సొంతూళ్ళు పోతే ఈయన ఒక రైతు కల్లం చుట్టూ గాడి తీసి సీమచింత గింజలు వేశాడట. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ ఏడు మేకలు పడి ఆ రైతు ఆరబోసిన కాయ సగం తొక్కి పాడుచేశాయని, అది చూసి ఉండబట్టలేక వేశాడట. మూడేళ్ళకు ఆ కంచెలో పిల్లి కూడా దూరలేకపోయింది. అప్పట్నుంచీ ఆయన బతుకు అదే. ఎవరు కొత్తగా కల్లం పెట్టుకున్నా, ఎవరు తోట వేసినా మాలకొండయ్యకు కబురు వెళ్ళాల్సిందే.

ఆయన పని చూసి తీరాలి. రెండు వరసలుగా గింజలు వేస్తాడు, వరసకూ వరసకూ మధ్య జానెడు. మొదటి ఏడు కత్తి పెట్టడు. రెండో ఏడు మోకాటి ఎత్తున కోస్తాడు, పక్క కొమ్మల్ని ఒకదాన్లోకి ఒకటి జడ అల్లినట్టు అల్లుతాడు. చేతులకు పాత సైకిల్ ట్యూబు చుట్టుకుంటాడు. అయినా ముళ్ళు దిగుతూనే ఉంటాయి. ఆయన చేతులు చూస్తే వేలిముద్ర పడే చోటు కూడా ఉండదు. రేషను మిషను ఆయన వేలు ఎప్పుడూ ఒక పట్టాన ఒప్పుకోదు. మూడో ఏడు వచ్చేసరికి ప్రతి ఇరవై అడుగులకూ ఒక మొక్కను కోయకుండా పైకి వదిలేస్తాడు. కంచెలో పుట్టిన ఆ మొక్కే చెట్టవుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా మిరపకాయల్లో తాలు ఏరే ఆడవాళ్ళు ఆ చెట్ల కిందే కూర్చుంటారు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో, కళ్ళూ ముక్కూ మండే ఘాటులో, ఆ నీడే లేకపోతే ఒక్కళ్ళు కూడా మధ్యాహ్నం దాకా నిలవరు.

ఇంకో సంగతి. కంచె కోసే ముందు రోజు ఆయన ఖాళీ చేతుల్తో వస్తాడు. కంచె పొడవునా ఒంగి ఒంగి చూసుకుంటూ నడుస్తాడు. ఎక్కడ పిట్టగూడు కనబడితే అక్కడ ఒక గుడ్డపేలిక కడతాడు. మర్నాడు కత్తి ఆ పేలిక దగ్గర ఆగిపోయి, మూరెడు వదిలి మళ్ళీ మొదలవుతుంది. మా కల్లం కంచె ఆ లెక్కన ఎప్పుడూ ఒకచోట ఎత్తుగా, ఒకచోట పొట్టిగా ఉండేది. "ఏందయ్యా ఈ క్రాపు, మంగలి మధ్యలో లేచిపోయినట్టు?" అని నేను గొడవ చేస్తే నవ్వేవాడు.

"పిల్లలు ఎగిరిపోయినాక వచ్చి సమం చేస్తానమ్మా. పది రోజులు ఓర్చుకోండి."

చెప్పినట్టే వచ్చేవాడు. ఆ రెండోసారి రాకకు కూలి కూడా తీసుకునేవాడు కాదు.

నాకు మాత్రం సీమచింత అంటే పడేది కాదు. కల్లం దగ్గర ఉంటే ఉండనీ, ఇంటి దాపుల్లోకి రానిచ్చేదాన్ని కాదు. ముల్లు, గజిబిజి కొమ్మలు, ఉందో లేదో తెలియని పూత. మా గేటు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఇద్దరికీ వాదులాట తప్పేది కాదు.

"ఏమ్మా, మీ మహారాణి ఇయ్యాల నీళ్ళు తాగిందా?" అనేవాడు తీగ వంక చూసి.

"తాగింది. నీ ముళ్ళకంపలాగా నోరెండినా పడుంటుందనుకున్నావా?"

"నేననేదీ అదే గదమ్మా. దీనికి రోజూ బిందెడు నీళ్ళు కావాల. ఎక్కను ఇనప కమాను కావాల. ఎండల్లో పైన పట్టా కావాల. నా సీమచింతకి ఏం కావాల? దాని మానాన దాన్ని వదిలేస్తే చాలు."

"రంగుందా దానికి? వాసనుందా?"

"కాయుంది. నీడుంది. మేక దూరదు."

"ముల్లు కూడా ఉంది. కావాలంటే నా అరికాలిని అడుగు!"

"మీ తీగకు మీరు కాపలా. మీకు నా సీమచింత కాపలా," అని నవ్వుకుంటూ సైకిలెక్కేవాడు. నేను గేటు ధడాలున వేసుకునేదాన్ని.

ఇక్కడ మా వైపు పట్టింపు ఒకటి చెప్పాలి. తోటలో మొదటి మొక్కగానీ, కంచెకు మొదటి గింజగానీ చెయ్యి మంచివాళ్ళ చేతే వేయిస్తాం. చెయ్యి మంచిదంటే వాళ్ళు వేసింది బతుకుతుంది, ఆ వరసంతా బతుకుతుంది. చెయ్యి మంచిది కాదని పేరు పడిందా, ఇక ఆ మనిషిని పాదు దగ్గరికి కూడా రానివ్వరు. మూఢనమ్మకమనండి, ఏమైనా అనండి. పురుగుమందుల షాపుకెళ్ళి కొత్త రకం విత్తనం తెచ్చుకునే రైతు కూడా మొదటి గింజ దగ్గర మంచి చెయ్యి కోసం వెతుక్కుంటాడు. మా ఊరికి ఆ మంచి చెయ్యి మాలకొండయ్యది. ఇరవై ఏళ్ళుగా ఆయనదే.

పోయినేడు కాదు, అంతకు ముందేడు. జూన్ నెలాఖరు. రెండు వానలు పడ్డాయి. నా తీగ ఆకుల కింద తెల్లగా పిండినల్లి పట్టింది. నాకు ఒంట్లో పాకినట్టయింది. మాలకొండయ్యకు కబురంపాను. వచ్చి చూసి, పెద్ద మందులేవీ వద్దు, వేపనూనెలో సబ్బునీళ్ళు కలిపి కొడితే చాలన్నాడు. కమాను పైదాకా అందాలంటే మందు కొట్టే పంపు కావాలి. మా ఆయన పొలానికి వాడే తైవాన్ పంపు పశువుల పాకలో ఉంటే తెచ్చి చేతికిచ్చాను.

ఆయన మూత తీసి లోపలికి చూశాడు. "అడుగున కాసిని నీళ్ళు ఉన్నాయేందమ్మా? ముందు ఇందులో ఏం కొట్టారు?"

"కడిగిన నీళ్ళేలే. మా ఆయన కడక్కుండా పెడతాడా? కానీ కానీ, చీకటి పడుతోంది," అన్నాను నేను.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

ఆయన వేపనూనె కలిపి కొట్టి వెళ్ళాడు. నాలుగో రోజుకు ఆకులు అంచుల్నుంచి మాడడం మొదలుపెట్టాయి. ఆరో రోజుకు లేత చిగుళ్ళన్నీ వాడి వేలాడబడ్డాయి. మొగ్గలు విచ్చకుండానే రాలిపోయాయి. ఎనిమిదో రోజు సాయంత్రం, పాల వేళకు, కమాను మీద పచ్చనిది ఒక్క ఆకు లేదు. పదకొండేళ్ళు పెంచుకున్నదాన్ని. నాకు ఏడుపొచ్చింది, ఏడుపును మించి ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా అప్పుడే మాలకొండయ్య సైకిలు గేటు ముందు ఆగింది. తీగ సంగతి ఎవరో చెబితే చూద్దామని వచ్చాడు పాపం.

పాల కేంద్రం దగ్గర ముప్ఫై మంది ఉన్నారు. పాలు కొలిచే షాజాదీ గరిటె చేత్తో అలాగే పట్టుకుని చూస్తోంది. నేను గేటు మెట్టెక్కి నోటికి ఎంతొస్తే అంత అరిచాను.

"చెయ్యి మంచిదని నమ్మి పిలిస్తే నా తీగను చంపేశావు గదయ్యా! నీ చెయ్యి మంచితనం ఏనాడో పోయింది. నువ్వు ముట్టుకుంటే పచ్చటి చెట్టు మోడవుతుంది. ఇదిగో చూడండమ్మా, అందరూ చూడండి! ఇంకెవరూ పిలవబాకండి ఈయన్ని!"

ఆయన నన్ను చూశాడు. పాకలో గోడకు తగిలించిన పంపును చూశాడు. ఏదో అనబోయినట్టే అనిపించింది. కానీ అన్నది వేరు.

"మోకాటి ఎత్తున కోసేద్దామమ్మా. వేరు బాగానే ఉంటది. మళ్ళీ లేస్తది."

"ఇంకా కత్తి కూడా పెడదామనే! ముందు ఇక్కణ్నుంచి కదులు!"

కదిలాడు. సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళాడు.

నా నోటికి ఊళ్ళో అంత విలువుందని నాకప్పటిదాకా తెలియదు. ఉంటే బాగుండని అనుకునేదాన్ని కూడా. ఉండకపోతే ఎంత బాగుండేదో తర్వాత తెలిసింది. మా దగ్గరి బంధువు ప్రేమ్‌చంద్, కుర్రాడు, రోడ్డు పక్కన ఐదెకరాలు కొని కొత్తగా మిరప కల్లం పెడుతున్నాడు. చుట్టూ సీమచింత కంచె వేయించాలని వేసవిలోనే మాలకొండయ్యతో మాట్లాడుకున్నాడు. నేను అరిచిన వారానికి వద్దులే అని కబురంపాడు. "వానలైపోయాక ఇనప తీగ ఫెన్సింగ్ వేయిస్తాలే పిన్నీ, ఎందుకొచ్చిన గోల," అని నాతోనే అన్నాడు. మా వీధిలో నాగజ్యోతి, కొడుకు పుట్టాడని కొబ్బరిమొక్క పెట్టిస్తూ పక్కూరి నుంచి ఎవర్నో పిలిపించుకుంది. షాజాదీ కూడా పెరట్లో జామమొక్కను తనే పాతిపెట్టుకుంది.

జులైలో మా చేలో పత్తిగింజలు నాటే ముఠాలో మల్లేశ్వరి వచ్చింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తల ఎత్తలేదు. మంచినీళ్ళు ఇస్తూ "ఏమైందే?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"మా ఆయన కత్తి నూరి ఇరవై రోజులయిందండి," అంది. "డబ్బాలో గింజలు ముందేసుకుని కూచుంటాడు. ఈ వానల్లో పడకపోతే అవి మళ్ళీ ఏడాదికి పనికిరావంట. మీకెందుకులెండి."

నాకు కాస్త గుచ్చుకుంది. కానీ నా తీగ చచ్చిందిగా అనుకుని సర్దుకున్నాను. మోడును కోయించలేదు, పీకించలేదు. వచ్చేపోయేవాళ్ళు చూస్తారని అలాగే ఉంచాను. నా కోపం అలాంటిది.

జులై నెలాఖరున వానలు ఆగకుండా పడి గట్ల మీద గడ్డి మోకాటి ఎత్తు పెరిగింది. మా ఆయన పాకలోంచి పంపు దించి ఊపి చూసి, మూత తీసి, వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఇందులో మందేదే?"

"ఏ మందు?"

"గడ్డి మందు. జూన్‌లో గట్లకు కొట్టగా అడుగున రెండు గ్లాసులు మిగిలింది. మళ్ళీ కొట్టేదే గదా అని అట్టాగే ఉంచా. ఎవరు పారబోశారు?"

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కడిగిన నీళ్ళేలే. కానీ కానీ, చీకటి పడుతోంది. ఆ మాటలన్న గొంతు నాదే. మాలకొండయ్య అడిగాడు, నేను చెప్పాను, ఆయన నమ్మాడు. గడ్డిని చంపే మందును నా తీగకు నేనే కొట్టించి, ఆ మనిషి చేతికి మచ్చ వేశాను. పొయ్యి ఆపి అక్కడే పీట మీద కూలబడ్డాను.

మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన మెడ గోక్కున్నాడు. "కడక్కపోవడం నాదే తప్పు. నేను వెళ్ళి నెమ్మదిగా చెప్పొస్తాలే. నువ్వు మళ్ళీ బజార్లో పెట్టబాకు, పరువు పోద్ది," అన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. అబద్ధమెందుకు, రెండు రోజులు అలాగే అనిపించింది. మూడో రోజు పొద్దున ఆగలేక నేనే మాలకొండయ్య ఇంటికెళ్ళాను.

వాకిట్లో నులకమంచం మీద కూర్చుని డబ్బాలోని నల్లటి గింజల్ని చాటలో పోసి పుచ్చువి ఏరుతున్నాడు. నన్ను చూసి లేచాడు. నేను నిలబడే చెప్పేశాను, పంపు సంగతి, మందు సంగతి. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నాకా రోజే తెలుసమ్మా. మందు తగిలిన మేరకే మాడింది, మొదలు పచ్చగానే ఉంది. రోగమైతే అట్టా మాడదు."

"తెలిసి మరి నోరెందుకు మూసుకున్నావయ్యా? ముప్ఫై మందిలో అరిచానే నేను! పంపు ఇచ్చింది మీరేనని నాతో ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేది?"

"అంటే మీరు ఊరుకుంటారా?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "మీరు చెప్పారు సరే. మూత తీసినాక వాసన చూడాల్సింది నేను గదమ్మా. గడ్డి మందు వాసన నాకు తెలవదా? మీరు తొందర చేశారని చూడకుండా నూనె పోశా. కొట్టింది నా చెయ్యే. మీ మీదకి నెట్టి నా చెయ్యి మంచిదనిపించుకోవాలా?"

ఇలాంటి మనిషిని పట్టుకునా నేను ఆ మాటలన్నది? నాకు సిగ్గేసింది. ఆయన మీద కోపం కూడా వచ్చింది, అంత మంచితనం ఎందుకయ్యా నీకు అని. "రేపు సాయంత్రం పాల వేళకు మా గేటు దగ్గరికి రా. కత్తి తెచ్చుకో. ఆ డబ్బా కూడా తెచ్చుకో," అని చెప్పి వచ్చేశాను.

మర్నాడు సాయంత్రం మబ్బు పట్టి ఉంది. పాల కేంద్రం దగ్గర ఎప్పటికంటే ఎక్కువే ఉన్నారు, ప్రేమ్‌చంద్‌కు నేనే కబురంపాను. మాలకొండయ్య సైకిలు దిగి ఒక పక్కగా నిలబడ్డాడు. ఆయన వచ్చాడని చూసి ఇద్దరు ముగ్గురు తలలు తిప్పుకున్నారు. మా ఆయన లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. నేను తైవాన్ పంపును చంకలో పెట్టుకుని అదే మెట్టెక్కాను. తిట్టడానికి ఎక్కినప్పుడు ఆ మెట్టు ఇంత ఎత్తనిపించలేదు నాకు.

"అందరూ ఇటు చూడండి! షాజాదీ, ఆ గరిటె దింపు. నా తీగను మాలకొండయ్య చంపలేదు. నేను చంపుకున్నాను. ఈ పంపులో మా ఆయన గడ్డి మందు మిగిల్చాడు. ఇదేంటని మాలకొండయ్య అడిగితే కడిగిన నీళ్ళని నేను చెప్పాను, తెలియకుండానే చెప్పాను. చెప్పిన మాట మర్చిపోయి ఆయన చెయ్యి పోయిందని ఇక్కడే నిలబడి మీ అందరిముందూ అరిచాను. ఆయన చెయ్యి బంగారంలా ఉంది. పోయింది నా బుద్ధి!"

క్యాన్ మూత ఎవరిదో కిందపడి దొర్లింది. ప్రేమ్‌చంద్ తల గోక్కుంటూ, "అది సరే పిన్నీ, తీగ మాత్రం చచ్చింది గదా," అన్నాడు. అనుమానం ఒకసారి పడితే అంత తేలిగ్గా పోతుందా?

"చచ్చిందో లేదో తర్వాత చూద్దాం," అన్నాను. మాలకొండయ్య వైపు తిరిగాను. "అన్నా, ముందు ఈ మోడు కొయ్యి. కోసి, ఈ గేటు పక్క నుంచి పాక దాకా నాకు సీమచింత వెయ్యి. మా ఇంటి చుట్టూ నీ కంచే ఉండాలి. మొదటి గింజ ఇప్పుడే, వీళ్ళందరూ చూస్తుండగా, నీ చేత్తో వెయ్యి."

ఇంటి ముందుకు ఆ చెట్టును రానివ్వనని పదకొండేళ్ళుగా అన్నదాన్ని నేనేనని అక్కడున్న ప్రతివాళ్ళకూ తెలుసు. షాజాదీ నోరు తెరిచింది.

ఆయన సైకిల్ ట్యూబు చేతికి చుట్టుకున్నాడు. తీగను మోకాటి ఎత్తున ఒక్కో కాడే చూసుకుంటూ కోశాడు. ఎండిన తీగను కమాను మీంచి లాగి పక్కన పడేశాడు. ఆ తర్వాత మచ్చుకత్తి మొనతో గేటు పక్కన చిన్న గాడి తీశాడు. డబ్బాలోంచి ఒక గింజ తీసి, నిగనిగలాడుతోందో లేదో చూసుకున్నాడు. అందరం ఆయన చెయ్యినే చూస్తున్నాం.

ఆయన ఆ గింజను తీసుకొచ్చి నా అరచేతిలో పెట్టాడు.

"మొదటిది మీరెయ్యండమ్మా."

"నేనా? నీ చేత్తో వెయ్యమనే గదయ్యా ఈ గోలంతా!"

"రేపటినుంచి జనం మీ చెయ్యి మంచిది కాదంటారమ్మా," అన్నాడు, నాకు ఒక్కదానికే వినబడేట్టు. తర్వాత గొంతు పెంచాడు. "సుబ్బరావమ్మగారి చెయ్యి మంచిది. పదకొండేళ్ళు తీగని పెంచిన చెయ్యి. మొదటి గింజ వారిదే. రెండోది నాది."

నాకు కళ్ళు కనబడలేదు. ఒంగి గాడిలో గింజ వేసి మట్టి కప్పాను. రెండోది ఆయన వేశాడు. మూడోది వేయడానికి ప్రేమ్‌చంద్ తనే ముందుకొచ్చి, గింజ పడ్డాక చేతులు దులుపుకుంటూ, "మాలకొండయ్య పెదనాన్నా, ఎల్లుండి మన కల్లం దగ్గరికి రాగలవా?" అని అడిగాడు. రానా మరి అన్నట్టు ఆయన తల ఊపాడు.

పద్దెనిమిదో రోజున తీగ మోడుకు రెండు కణుపుల దగ్గర ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి. సీమచింత అంతకంటే ముందే, ఆరో రోజుకే వరసంతా మొలిచింది. నా గింజ కూడా మొలిచింది. నేను ఆ మొక్కను అందరికీ చూపించుకున్నాను. "చూశారా, నా చెయ్యి!" అని పాల కేంద్రం దగ్గర ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఇదంతా జరిగి రెండేళ్ళు నిండాయి. ప్రేమ్‌చంద్ కల్లం కంచె నడుమెత్తు అయింది. మా ఇంటి ముందు రాధామనోహరం ఇనప కమానుతోపాటు పక్కనే ఉన్న సీమచింతల మీదికి కూడా పాకింది. పాకనీండమ్మా, అది మోస్తది, అన్నాడు మాలకొండయ్య. నేను వేసిన మొదటి మొక్కను ఆయన కోయలేదు, చెట్టు కావడానికని పైకి వదిలేశాడు. పాల వేళకు ఎండ పొడ తగులుతుంటే ఆడవాళ్ళిద్దరు ముగ్గురు క్యాన్లు దించి దాని పక్కకు చేరుతున్నారు. ఇంకా పల్చటి నీడే.

పోయిన నెల మల్లేశ్వరి మా ఇంట్లో మినుములు చెరుగుతూ మాటల్లో నోరు జారింది. ఆ ఏడు నా గింజ మొలవలేదట. మిగతావన్నీ మొలిచినా అదొక్కటీ మొలవలేదట. ఆరో రోజు తెల్లవారకముందే మాలకొండయ్య వాళ్ళ వాకిట్లో మట్టి పోసిన డబ్బాలో లేచిన మొలకను తెచ్చి, నా గింజ ఉన్నచోట మట్టి తీసి నాటి వెళ్ళాడట. "ఎవరికీ చెప్పబాకే, ఆమె చెయ్యి మంచిది కాదంటారు" అని మల్లేశ్వరి చేత ఒట్టు వేయించుకున్నాడట.

నేను ఆ చెట్టు దగ్గరికెళ్ళాను. మొదలు పట్టుకుంటే ముల్లు గుచ్చుకుంది. రెండేళ్ళపాటు నాది నాది అని ఊరంతా చాటుకున్న చెట్టు ఆయనది. ఆయన రోజూ ఈ దారినే వెళుతూ ఆ చాటింపంతా వింటూ ఒక్క మాట అనలేదు.

ఆయన్ని అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడు, ఆ అబద్ధం నేను వినలేను. అందుకే ఇలా రాసి పెడుతున్నాను. ఇది మా ఊళ్ళో ఎవరో ఒకరు చదువుతారు, చదివి పాల కేంద్రం దగ్గర చెబుతారు. చెప్పనీండి. ఆ చెట్టు మాలకొండయ్యది. నేను వేసిన గింజ మొలవలేదు.